ముందు నీళ్లు ఎవరు పోస్తారో రాసుకోండి

గుంటూరు బ్రాడీపేటలో కొన్ని అపార్ట్‌మెంట్ల వాళ్లు, పక్క కాలనీల వాళ్లు కలిసి జూన్‌లో ఒక ఆదివారం పొద్దున ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, కాలనీవాళ్లంతా కలిసి ఆకుకూరల తోట వేసుకోవడం గురించి ఒక విశ్రాంత సైన్స్ టీచరు ఇచ్చిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను కూడా అలాగే ఉంచాం.

అందరికీ నమస్కారం. మృగశిర కార్తె వచ్చినా మనూళ్లో ఎండ తగ్గలేదు. కాబట్టి పొద్దెక్కకముందే ముగిద్దాం.

ముందు ఒక సంగతి అడుగుతాను. పోయిన సోమవారం నుంచి నిన్నటిదాకా మీ ఇంట్లో ఆకుకూర ఎన్నిసార్లు వండారు? పచ్చడి లెక్కలోకి రాదు. మూడుసార్లు వండినవాళ్లు చేతులెత్తండి. నలుగురు. ఒకసారి? చాలామందే ఉన్నారు. అసలు వండలేదా అమ్మా? ఫరవాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

పచ్చడి వద్దని ఎందుకన్నానంటే, గుంటూరులో గోంగూర లేని ఇల్లుండదు. కానీ మనకు గోంగూర అంటే జాడీలో ఉండే నిల్వ పచ్చడి. అన్నంలో ఒక చెంచా కలుపుకుంటాం. ఆ చెంచాలో మనకు చేరే ఆకు కొంచెమే, ఉప్పూ నూనే బాగా చేరతాయి. పెద్దవాళ్లు రోజు మొత్తంలో 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూను. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న కంచంలో అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. పచ్చడి మానేయమని నేను అనను, గుంటూరులో ఆ మాట అంటే ఎవరూ వినరు. పచ్చడి తిన్న రోజున ఆకుకూర తినేశామనుకోవద్దు, అంతే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు కొత్తగా ఇచ్చింది. కూరగాయలు, ఆకుకూరలు కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. ఆ నాలుగు వందల్లో వంద గ్రాముల దాకా ఆకుకూర ఉండాలంటారు. ఇంకో లెక్క వినండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ హాల్లో ముందు రెండు వరుసలు చూడండి, సగానికి పైగా అన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి నీరసం, జుట్టు ఊడటం. వయసనుకుంటాం, పని ఎక్కువైంది అనుకుంటాం. రక్తపరీక్షకు మాత్రం పోము.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. తోటకూర తింటే రక్తం పడుతుందని చెప్పి నేను మాత్రలు మాన్పించడానికి రాలేదు. వంద గ్రాముల తోటకూరలో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు. పాలకూరలో మూడు లోపే. మునగాకు తోటకూరకు దగ్గరలో ఉంటుంది. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. పైగా ఆకుల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. కొంచెమే పడుతుంది. దింపాక నిమ్మకాయ పిండితే ఇంకాస్త ఎక్కువ పడుతుంది, భోజనం అయిన వెంటనే టీ తాగితే తగ్గుతుంది. కాబట్టి డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోవలసిందే. ఆకుకూర చేసే మేలు వేరు. రోజూ తింటుంటే ఇనుముతో పాటు ఫోలేటు, పీచు, విటమిన్లు అందుతాయి. కంచంలో అన్నం తగ్గి కూర పెరుగుతుంది. షుగరున్న ఇళ్లలో ఆ మార్పు చాలా పెద్దది.

మరి ఎందుకు తినడం లేదు? నేను అడిగిన ప్రతిచోటా ఇవే మాటలు. ఆదివారం రైతుబజారుకు వెళ్లి నాలుగు కట్టలు తెస్తాం, బుధవారానికి ఫ్రిజ్‌లో పసుపు రంగుకు తిరిగి కుళ్లిపోతాయి. ఒలవడానికి అరగంట పడుతుంది. ఏ నీళ్లతో పండించారో, ఏ మందు కొట్టారో తెలియదని భయం. ఈ చివరి మాట గుంటూరులో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు ఉన్న ఊరు మనది. 2021లో నల్ల తామర పురుగు పడినప్పుడు మిరప రైతు ఎన్ని మందులు కొట్టాల్సి వచ్చిందో మనలో చాలామంది చుట్టాల ఇళ్లలోనే చూశాం. ఇంకొక కారణం ఎవరూ పైకి చెప్పరు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరే. ఇద్దరి కోసం ఏం వండుతాం అని పెరుగన్నంతో సరిపెడుతున్నారు.

ఇంటి పక్కన మడి ఉంటే ఈ కారణాల్లో చాలావరకు పోతాయి. సాయంత్రం కోసింది రాత్రికి పప్పులో పడుతుంది. లేతగా ఉంటుంది కాబట్టి కాడతో సహా తరిగేయొచ్చు, ఒలిచే పనే ఉండదు. ఏ నీళ్లు పోశామో మనకు తెలుసు. చేత్తో పెంచిన ఆకును పారేయడానికి మనసొప్పదు. ఇన్నేళ్లలో నేను చూసింది ఇదే. ఆరోగ్యానికి మంచిదని ఎన్నిసార్లు చెప్పినా తినని పిల్లలు, తాము విత్తనం చల్లిన మడిలోదైతే అడిగి పెట్టించుకుంటారు.

కానీ ఒంటరిగా పెట్టిన కుండీలు ఎక్కువ కాలం ఉండవు. జూన్‌లో ఉత్సాహంగా ఇరవై గ్రో బ్యాగులు కొంటారు. సంక్రాంతికి కాస్తాయి. మార్చిలో పిల్లల పరీక్షలు, ఏప్రిల్‌లో పెళ్లిళ్లు, మేలో ఊరు వెళ్తారు. తిరిగి వచ్చేసరికి డాబా మీద ఎండిన పుల్లలు మిగులుతాయి. మన ఎండల్లో రెండు రోజులు నీళ్లు లేకపోతే కుండీలో మొక్క బతకదు. అందుకే మట్టి, విత్తనాలు, కుండీలు కొనేముందు ఒక పుస్తకం కొనమంటాను. ఏడు రోజులు, ఏడు ఇళ్లు. ఏ రోజు ఎవరి వంతు, వాళ్లు ఊళ్లో లేకపోతే ఎవరు పోస్తారు. ఇది రాసుకున్న తోట ఉంటుంది. రాసుకోని తోట మేలో పోతుంది.

ఈ వంతుల్లో ఒక అన్యాయం జరుగుతుంటుంది, చెప్పకుండా ఉండలేను. పుస్తకంలో మన పేర్లుంటాయి, నీళ్లు మాత్రం వాచ్‌మన్ భార్య పోస్తుంది. ఆమెకు జీతం పెరగదు, కోత రోజున ఆమెకు కట్ట కూడా ఇవ్వరు. దయచేసి అలా చేయకండి. ఆమె పోస్తే ఆమె వాటా మొదట తీయండి, చేసిన పనికి డబ్బులివ్వండి. రక్తహీనత లెక్క చెప్పాను కదా, అది ఎక్కువగా ఉండేది అలాంటి ఇళ్లలోనే. కాలనీ తోట ఫ్లాటు ఉన్నవాళ్లకే అయితే ఆరోగ్యం అవసరమైనవాళ్లకు అది చేరనట్టే.

*(ఒక పెద్దాయన: "టీచరుగారూ, స్థలం ఎక్కడుందండీ? డాబా మీద మట్టి పోస్తే స్లాబు దెబ్బతింటుందని పై అంతస్తు వాళ్లు ఒప్పుకోవట్లేదు.")*

వాళ్ల భయంలో అర్థం ఉంది బాబాయిగారూ. మామూలుగా మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కలో కడతారు. అడుగు మందాన తడిమట్టి పరిస్తే అదే చదరపు మీటరు మీద 500 కిలోల దాకా పడుతుంది. కాబట్టి డాబా అంతా మట్టి పరిచి మళ్లు కట్టడం వద్దే వద్దు. కుండీలు, బ్యాగులు అయితే దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి పెట్టండి. మట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా చివికిన ఎరువు ఒక పాలు కలిపితే బరువు తగ్గుతుంది. కింద రెండు ఇటుకలు పెడితే నీరు నిలవదు, స్లాబు ఆరుతుంది. పాత బిల్డింగు అయితే ఇంజినీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

అయినా నా ఓటు నేలకే. మన కాలనీల్లో ఖాళీ ప్లాట్లు చూడండి. వయ్యారిభామ, తుమ్మచెట్లు, అందరూ విసిరే చెత్త సంచులు. ఆ వయ్యారిభామ వల్ల చర్మం దద్దుర్లు, ఉబ్బసం ఉన్నవాళ్లకు అవస్థ. ఓనరు ఎక్కడో ఉంటాడు, ఎవరైనా ఆక్రమిస్తారేమోనని టెన్షన్ పడుతుంటాడు. ఆయనకు ఫోన్ చేసి చెప్పండి: ఏడాది పాటు శుభ్రంగా ఉంచుతాం, గోడలు కట్టం, మామిడి, కొబ్బరి లాంటి చెట్లు పెట్టం, మీరు అడిగిన నెలలో ఖాళీ చేస్తాం అని కాగితం మీద రాసిస్తాం అని. కాగితం అంటే ఆయనకు ధైర్యం వస్తుంది. కార్పొరేషన్ స్థలమైతే అనుమతి లేకుండా పార పెట్టొద్దు. అక్కడ ఇంతకుముందు ఏముందో కూడా అడగండి. మెకానిక్ షెడ్డో, బ్యాటరీల పనో ఉన్నచోట ఆ నేలలో ఆకుకూర వేయకండి. సీసం లాంటివి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. మురుగుకాలువ పక్కన, ఆ నీళ్లతో అసలే వద్దు.

ఇక మన నేల సంగతి. ఇక్కడ ఎక్కువగా నల్లరేగడి. బలమైన నేల. పత్తికి, మిరపకు ఇంత పేరు తెచ్చింది ఆ మట్టే. కానీ వాన పడితే జిగురు, ఎండ కాస్తే నెర్రెలు. అందులో నేరుగా తోటకూర చల్లితే మొలక పైకి రాలేదు. అందుకని జానెడు ఎత్తున మడి కట్టండి. మూడడుగుల వెడల్పు చాలు, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. మడికి రెండు గంపల చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి గుల్ల చేయండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలు వస్తాయి.

తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా మెరుస్తుంది. ఉత్త చేత్తో చల్లితే ఒకేచోట గుంపుగా పడుతుంది. ఒక చెంచా విత్తనాన్ని దోసెడు పొడి ఇసుకలో కలపండి. సగం మడి పొడవునా ఇటు నుంచి అటు చల్లండి, మిగతా సగం అడ్డంగా చల్లండి. పైన మట్టి కప్పొద్దు, వేళ్లతో తేలికగా గీరితే చాలు. నీళ్లు గొట్టంతో పడితే విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది. జల్లు డబ్బాతో పోయండి, లేదంటే సీసా మూతకు చిల్లులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు చీమలు విత్తనం మోసుకుపోతాయి, మడి చుట్టూ బూడిద చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. ఇరవయ్యో రోజుకు ఒత్తుగా ఉన్నచోట వేళ్లతో పీకి పప్పులో వేసుకోండి. మిగిలినవి నెలకు కోతకు వస్తాయి. కోసేటప్పుడు నాలుగు వేళ్ల ఎత్తు వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఇప్పుడు లెక్క కడదాం. ఆకుకూర బాగా వస్తే చదరపు మీటరుకు కిలో పైచిలుకు. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి మూడు కిలోలు. నలుగురున్న ఇంటికి మనిషికి రోజుకు వంద గ్రాముల చొప్పున వారానికి కావలసింది 2.8 కిలోలు. అంటే ఒక మడి ఒక ఇంటికి వారం. పంట చేతికి రావడానికి నెల పడుతుంది కాబట్టి వారానికొక మడి చొప్పున వేస్తూ పోతే ఇంటికి నాలుగు మళ్లు కావాలి. 200 గజాల ప్లాటులో దారులు పోను నలభై మళ్లు పడతాయి. కాగితం మీద పది ఇళ్లకు సరిపోతుంది. నిజంగా అన్ని మళ్లూ ఏడాదంతా పండవు, ఒకటి పురుగు తింటుంది, ఒకటి వానకు పోతుంది, కొన్నింటిలో బెండ, వంగ వేస్తాం. సగం అనుకోండి. పది ఇళ్లకు వారంలో మూడు రోజులు ఆకుకూర. మిగతాది రైతుబజారు నుంచి తెచ్చుకుందాం, ఆ రైతుకూ బేరం ఉండాలి కదా. ఇప్పుడు చాలామంది వారానికి ఒక్కసారే వండుతున్నామన్నారు. ఒకటి మూడయితే అది చిన్న మార్పు కాదు.

మొదటి ఏడాది టమాటా, క్యాప్సికం, క్యాబేజీ జోలికి పోవద్దని నా సలహా. ఫోటోకు బాగుంటాయి, చాకిరీ ఎక్కువ. పచ్చిమిర్చి కూడా వద్దు. చుట్టుపక్కలంతా మిరప పండే జిల్లాలో కుండీలో మిర్చి పెడితే ఆకుముడత తెగులు త్వరగా పడుతుంది, మనసు చిన్నబోతుంది. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి. తర్వాత బెండ, బీర, గోరుచిక్కుడు. కంచె మూలన ఒక మునగ. పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికి వదిలేయండి.

కలిసి చేయడం గురించి ఇంకొంచెం చెప్పాలి. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ ఉంది. రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి సేద్యం కార్యక్రమాన్ని నడుపుతున్నది వాళ్లే. 2024లో దానికి పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మరో ఇద్దరితో కలిపి ఇచ్చారు. ఆ కార్యక్రమం ఇన్ని ఊళ్లకు పాకడానికి ముఖ్య కారణం డ్వాక్రా సంఘాలని నా అభిప్రాయం. వారం వారం కూర్చునే ఆడవాళ్లు అప్పటికే ఉన్నారు, ఒకరి పెరట్లో చూసింది ఇంకొకరు చేశారు. పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువ. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీలోనూ ఆడవాళ్లు గుంపులుగా కౌలుకు తీసుకుని సాగుచేశారు. మన అపార్ట్‌మెంట్లలో ఆ కూర్చునే అలవాటు లేదు. లిఫ్టులో నవ్వుకుంటాం, వినాయక చవితికి చందా ఇస్తాం. తోట వల్ల కనీసం వారానికి ఒకసారి పక్కింటి పేరు, వాళ్ల బీపీ ఎంతో తెలుస్తుంది. ఇద్దరే ఉండే పెద్దవాళ్లకు ఇది మందు కన్నా ఎక్కువ. పొద్దున్నే పదిమంది పలకరిస్తారని మా కాలనీలో ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పితో కూడా వచ్చి కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఏరుతుంది. శరీరానికి వారానికి 150 నిమిషాల పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పార పట్టడం, కలుపు తీయడం, నీళ్లు మోయడం ఆ లెక్కలోకి వస్తాయి.

*(ఒకావిడ: "మేడమ్, మా అత్తగారికి కిడ్నీలో రాళ్లున్నాయి. ఆకుకూర పెట్టొచ్చా?")*

మంచి ప్రశ్న అడిగావమ్మా. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూరల్లో ఆక్సలేట్లు, అంటే కిడ్నీలో రాళ్లు కట్టే పదార్థాలు, ఎక్కువ. రాళ్లు వచ్చినవాళ్లు ఇవి రోజూ తినడం మంచిది కాదు. ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతాయి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు పొటాషియం గొడవ కూడా ఉంటుంది, కాబట్టి డాక్టరును అడిగే పెట్టు. గుండెకు రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరుకు చెప్పాలి. కొన్ని మాత్రలకు ఆకుల్లోని విటమిన్ కె అడ్డుపడుతుంది. తోట ఉంది కదా అని ఒక్కసారిగా పెంచేయకూడదు.

*(ఒక అబ్బాయి: "రాత్రిపూట ఎవరైనా కోసుకెళ్తే?")*

కోసుకెళ్తారు నాయనా. అందుకే కంచె బయట వరస గోంగూర వేయండి, మునగ కొమ్మలు వీధిలోకి వంగనివ్వండి. అది ఎవరిదైనా. ఆకలికి కోసుకున్నవాణ్ణి దొంగ అనొద్దు. బయట వరస ఉన్నచోట లోపలికి వచ్చేవాళ్లు తగ్గడం నేను చూశాను. రాత్రి మీరెవరూ తోటలోకి పోవద్దు, పోతే చెప్పులు, టార్చి లేకుండా వద్దు. గడ్డి ఉన్నచోట పాములుంటాయి. పార దెబ్బ తగిలితే టెటనస్ ఇంజెక్షన్ మర్చిపోవద్దు.

పురుగు గురించి చీటీ వచ్చింది. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే ముందు ఆ కొమ్మ తుంచి పారేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టండి. వారం ఆగి చూడండి. ఆర్‌వో వదిలేసే నీళ్లు పోయొచ్చా అని ఇంకొకరు అడిగారు. ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. రోజూ పోస్తే ఆకు అంచులు మాడతాయి, మట్టి పాడవుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు మంచివి. ఏ డ్రమ్ములో నీళ్లు నిలవ చేసినా మూత పెట్టండి, వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. ఆరోగ్యం కోసం తోట వేసి కాలనీకి జ్వరాలు తెచ్చిపెట్టకూడదు.

చివరగా చిక్కుడు. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఎండాకాలంలో పెడితే తీగ డాబా ఎక్కుతుంది, కాయ మాత్రం కాయదు. ఆషాఢంలో పాదు పెట్టండి, సంక్రాంతికి కాయలుంటాయి, రథసప్తమికి ఆకులకు, కాయలకు బజారు పోనక్కర్లేదు.

తోటకూర, గోంగూర, నాటు చిక్కుడు విత్తనాలు పొట్లాలు కట్టి ఆ బల్ల మీద పెట్టాం. డబ్బులేం ఇవ్వక్కర్లేదు. ఒక్కరిగా వచ్చినవాళ్లకు ఇవ్వలేను, కనీసం ఐదు ఇళ్లవాళ్లు కలిసి రండి. పొట్లం పక్కనే పుస్తకం ఉంది. అందులో స్థలం ఎక్కడో, ఓనరుతో ఎవరు మాట్లాడతారో, ఏ రోజు ఎవరు నీళ్లు పోస్తారో రాసి తీసుకెళ్లండి. మే నెల గడి కూడా ఇవాళే నింపండి.